ఎర్గాట్ పుస్తకమూ, సజ్జ సంకటీ

ఫార్మసీలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వస్తే తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మొక్కల్లో పుట్టే ఆల్కలాయిడ్ల రసాయనశాస్త్రానికి, అందులోనూ మనసు మీద పనిచేసే పదార్థాలకు, ఏ పుస్తకం మంచిదండీ అని. ఇప్పుడు పుస్తకాలకు లోటు లేదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఉన్నదంతా లోటే. అయినా ఆ ప్రశ్నకు ఒక పేరు చెప్పి పంపేస్తే నాకు తృప్తిగా ఉండదు. అటువంటి పుస్తకాన్ని ఎలా చదవాలో నాకు నేర్పినవి ఒక డాక్టరు గారి మొండితనం, మున్నేటి ఒడ్డున ఒక పల్లెలో జరిగిన గొడవ. ఆ రెండింటి గురించే ఇక్కడ రాస్తున్నాను. బదిలీలు, గ్రేడులు, తనిఖీలు ఎవరి సర్వీసులోనైనా ఒకే తీరుగా ఉంటాయి కనుక వాటిని వదిలేస్తున్నాను.

విషం బీరువా

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను జగ్గయ్యపేట ఆసుపత్రిలో చేరాను. కాగితాల మీద ఫార్మసిస్టును. జనం నోట కాంపౌండరును. ఆ పిలుపు మీద నాకు ఫిర్యాదు లేదు. మిక్స్చర్లు కలపడం, పొడులు తూచి పొట్లాలు కట్టడం, ఆయింట్‌మెంట్లు నూరడం మా పనే. మాత్రలు సీసాల్లో తయారై రావడం అప్పటికి ఇంకా అలవాటు కాలేదు.

మా డాక్టరు శేషగిరిరావు గారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట తక్కువ. ఆసుపత్రి మొత్తానికి గట్టి తాళం ఉన్న బీరువా ఒకటే. అందులో మార్ఫియా, స్ట్రిక్నిన్, బెల్లడోనా, కాన్పు తర్వాత రక్తం ఆపడానికి వాడే ఎర్గాట్ ద్రవం ఉండేవి. అదే బీరువా కింది అరలో పుస్తకాలు ఉండేవి: ఒక మందుల కోశం, ఔషధ మొక్కల మీద ఒక పాత గ్రంథం, ఆల్కలాయిడ్ల రసాయనం మీద అట్ట ఊడిన ఒక లావు పుస్తకం.

చేరిన వారంలోనే అడిగాను. "పుస్తకాలు కూడా విషాల్లోకి చేర్చారేమిటండీ?"

"సగం చదివినవాడి చేతిలో అవీ విషాలే" అన్నారాయన. "నీకు కావలసినప్పుడు తాళంచెవి అడుగు, ఇస్తా. ముందు నీ ప్రశ్న ఏమిటో చెప్పు."

ప్రశ్న చెప్పనిదే పుస్తకం ఇచ్చేవారు కాదు. ఊరికే చదువుకుంటానండీ అంటే తాళంచెవి జేబులోనే ఉండిపోయేది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు రెండు మాటలు అడిగేవారు. మొదటిది "ఏం తెలిసింది?" రెండోది "ఏం తెలియలేదు?" మొదటిదానికి అందరూ జవాబు చెప్పగలరు. రెండోదానికి జవాబు చెప్పాలంటే అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి చదవాలి. వయసులో ఉన్నవాణ్ని, యూనివర్సిటీ చదువు చదివి వచ్చినవాణ్ని. ఈ పద్ధతి నాకు చికాకు పుట్టించేది. ఆయన కింద పనిచేసిన కొన్నాళ్లలో నేర్చుకున్నది అంతకు ముందు చదువులో నేర్చుకున్నదానికంటే ఎక్కువని ఇప్పుడు నిస్సంకోచంగా చెప్పగలను.

నాకు ఎర్గాట్ మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉండేది. కారణం చెబుతాను. ఎర్గాట్ అంటే చలి దేశాల్లో రై అనే ధాన్యం కంకికి పట్టే ఒక బూజు. పూత సమయంలో వానలు పడితే గింజ ఉండవలసిన చోట ముందు తేనెలాంటి జిగురు కారి, తర్వాత నల్లని కొమ్ములాంటి గట్టి ముద్ద పెరుగుతుంది. ఆ ముద్దలోని ఆల్కలాయిడ్లకు మూలమైన ఆమ్లం నుంచి తయారైన ఒక పదార్థం మనిషి మనసునే తలకిందులు చేస్తుందని స్విట్జర్లాండులోని ఒక ప్రయోగశాలలో కనిపెట్టారు. కంటికి ఆననంత కొద్ది మోతాదులో అంత మార్పు తేగల పదార్థం అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మద్రాసు నుంచి పోస్టులో పుస్తకాలు అరువిచ్చే ఒక గ్రంథాలయం ఉండేది. దాని ద్వారా రసాయన పత్రికల సారాంశాలు తెప్పించుకుని, ఆ ఆమ్లం నిర్మాణాన్ని కాగితం మీద వేసుకుని, ఉంగరాలకు ఉంగరాలు అతుక్కున్న ఆ బొమ్మను సంగీతం వింటున్నవాడిలా చూస్తూ కూర్చునేవాణ్ని. దీనికి శేషగిరిరావు గారి అనుమతి అక్కర్లేదు. అవి నా సొంత కాగితాలు.

మూడు రకాల పుస్తకాలు

కథలోకి వెళ్లేముందు పుస్తకాల సంగతి కొంత తేల్చాలి.

అరవైల చివర్లో నేను నందిగామ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ పదార్థాల పేర్లు పత్రికలకు ఎక్కాయి. సైకెడెలిక్ అనే కొత్త మాట కూడా అప్పుడే విన్నాము. విజయవాడలో బి.ఎస్సీ. చదువుతున్న మా బంధువుల అబ్బాయి ఒకడు రంగురంగుల విదేశీ పత్రిక పట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, దీని కెమిస్ట్రీ ఏ బుక్కులో దొరుకుద్ది?"

"నిర్మాణమా, గుణమా, చరిత్రా? ఏది కావాలి?"

"తయారుచేసే పద్ధతి."

"ఎందుకు?"

"ఊరికే. నాలెడ్జి కోసం."

"ఊరికే అయితే మీ పిన్ని వంటింట్లో కాఫీ డికాషన్ దింపుతోంది. అందులోనూ ఒక ఆల్కలాయిడ్ ఉంది. పోయి దాని నాలెడ్జి సంపాదించు" అన్నాను. వాడు నవ్వి కాఫీ తాగి వెళ్లాడు. ఆ తర్వాత వాడు మంచి అధ్యాపకుడయ్యాడు కనుక నా ఎకసెక్కెం వల్ల నష్టమేమీ జరగలేదు.

ఈ విషయం మీద నా చేతికి వచ్చిన పుస్తకాలు మూడు రకాలు. మొదటి రకం పుస్తకాల్లో రచయిత తానే మత్తులో ఉంటాడు. రంగులు, దర్శనాలు తప్ప మరొకటి ఉండదు, రసాయనం చోట విశేషణాలు ఉంటాయి. రెండో రకం వంటల పుస్తకాల్లాంటివి. ఏది దేనితో కలపాలో చెబుతాయి, ఏది ఎందుకు జరుగుతుందో చెప్పవు. వాటిని చదివినవాడికి ఒక పని చేతనవుతుందేమో గాని శాస్త్రం రాదు, చేసిన పని తప్పిపోతే ఎక్కడ తప్పిందో తెలియదు. మూడో రకం పుస్తకం చప్పగా ఉంటుంది. ఈ పదార్థం ఏ మొక్క నుంచి, ఏ ప్రాంతంలో, ఏ కాలంలో సేకరించినది, ఎవరి మీద ఏ లక్షణం కనిపించింది, ఏది పరీక్షించలేదు, ఇవన్నీ ఓపికగా చెబుతుంది. మీరు కొనవలసింది, అరువు తెచ్చుకోవలసింది, తడిస్తే ఎండబెట్టుకోవలసింది మూడో రకం.

ఆ చప్పదనం ఒకసారి ఒక ఆడమనిషికి ఎంత అవసరపడిందో ఇక చెబుతాను.

మున్నేటి ఒడ్డు నుంచి వచ్చిన బండి

జగ్గయ్యపేటలో ఉండగా ఒక ఏడాది సజ్జ పూత మీద ఉన్నప్పుడు ముసురు పట్టి వదల్లేదు. ఆ కోతలు ముగిసిన తర్వాత పెనుగంచిప్రోలు వైపు ఒక పల్లె నుంచి రెండెడ్ల బండిలో మనుషులను తెచ్చారు. ఆడా మగా అందరూ కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబాల వాళ్లు. కక్కుతున్నారు, తల తిరుగుతోందంటున్నారు, కక్కి పడుకున్నవాళ్లు పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మగతలోకి పోతున్నారు. జ్వరం లేదు, విరేచనాలు లేవు.

బండితో వచ్చిన పెద్దమనిషి ఏసోబు. పల్లెలో ప్రార్థన నడిపించేవాడు. "మొన్న కూడా ఇట్టాగే అయిందండి. తగ్గింది. మళ్లీ వచ్చింది. తిన్న కాసేపటికే పట్టుకుంటంది."

"ఏం తిన్నారు?"

"సజ్జ సంకటండి. రైతు వెంకట్రామయ్య గారు కూలి కింద కొలిచిన గింజలు. అందరం అయ్యే తింటన్నాం."

అతని వెనక నుంచి సుందరమ్మ అనే ముసలామె ముందుకొచ్చింది. "గింజలు కాదండి. మందు. పెట్టిన మందు. మా కోడలు పెట్టింది."

మన ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. గిట్టనివాళ్లు తిండిలో మందు పెట్టారని నమ్మడం, మందు కక్కించేవాడి దగ్గరికి పోవడం, అతను ఏదో పసరు తాగించి వాంతి చేయించి ఆకులో ఒక నల్లని ముద్ద చూపించి ఇదుగో లోపలున్న మందు అనడం, అప్పట్లో ఎన్ని ఇళ్లలో జరిగిందో లెక్కలేదు. సుందరమ్మ చిన్న కొడుకు అంతకు ముందే సంత దగ్గర కూర్చునే అటువంటి వైద్యుడి దగ్గరికి వెళ్లి వచ్చాడు. ముద్ద బయటపడింది. ఆ ముద్ద ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పలేను, నేను చూడలేదు.

ఆ కోడలి పేరు మార్తమ్మ. సుందరమ్మ పెద్ద కొడుకు భార్య, అతను పోయాడు. పుట్టిల్లు హద్దు అవతల నైజాం గడ్డ మీద, మధిర వైపు. కోతల్లోనూ ఆ తర్వాతా అందరూ పొలంలో ఉంటే మొత్తం జట్టుకు సంకటి వండిపెట్టే పని ఆమెది. ఆమె కూడా అదే బండిలో వచ్చింది, చిన్న కూతుర్ని ఒళ్లో పెట్టుకుని. పిల్ల మగతగా ఉంది.

"నేనేం పెట్టలే సార్" అంది మార్తమ్మ. "పెడితే నా పిల్లకు నేనే పెట్టుకుంటనా? అది గూడ గదే తిన్నది."

"నీ పిల్ల ఏందే?" అంది సుందరమ్మ. "మా వాడి పిల్ల. నైజామోళ్లకి తెలిసిన మందులు మాకు తెలవ్వు. వచ్చే ఆదివారం ప్రార్థన అయినాక పెద్దోళ్లు కూకుంటన్నారు. నిన్ను మధిర బండి ఎక్కిస్తారు. పిల్ల మా ఇంట్లో ఉంటది."

ఏసోబు తల వంచుకున్నాడు. అది అప్పటికే కుదిరిపోయిన మాటని నాకర్థమైంది.

సుందరమ్మను చెడ్డమనిషని ఎవరూ అనుకోవద్దు. పెద్ద కొడుకు పోయిన ఇల్లు. చిన్న కొడుకు కళ్ల ముందు రెండుసార్లు పడిపోయాడు. ఎవరో చేశారనుకుంటే కనీసం ఆపడానికి ఒక దారి ఉంటుంది. ఆమె వెతుక్కున్నది ఆ దారినే.

చిన్న అక్షరాల్లో ఒక వాక్యం

శేషగిరిరావు గారు అందరి కంటిపాపలు చూశారు. ఉమ్మెత్త అయితే పాపలు విచ్చుకుంటాయి, నోరెండిపోతుంది, పేలాపన ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు. తిన్న గింజలు తెమ్మని నేను బండి తోలినవాణ్ని వెనక్కి పంపాను. అతను తెచ్చిన మూటను తెల్ల కాగితం మీద పోసి చూస్తే సజ్జ గింజల మధ్య గోధుమరంగు, నలుపు కలిసిన సన్నని గట్టి పలుకులు కనిపించాయి. కొన్ని గింజలు ఒకదానికొకటి జిగురుగా అంటుకుని ఉన్నాయి.

"ఎర్గాట్ అనుకుంటానండీ" అన్నాను.

ఆయన బీరువా తెరిచి ఆ అట్ట ఊడిన పుస్తకం నా ముందు పెట్టారు. "చదువు. పైకి."

చదివాను. ఎర్గాట్ విషానికి పుస్తకం రెండు రూపాలు చెప్పింది. ఒకదానిలో రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు నల్లబడి రాలిపోతాయి. రెండోదానిలో మూర్ఛలు, లేనివి కనిపించడం.

"వేళ్లు నల్లబడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ."

"లేనివి కనిపించినవాళ్లు?"

"లేరండీ."

"పైగా పుస్తకం చెప్పే పంట రై. మన దేశంలో ఈ పక్క ఎవరూ వేయరు. అయితే ఇది ఎర్గాట్ కాదు" అని ఆయన ముందు తేల్చేశారు. తర్కంలో తప్పేమీ లేదు. పుస్తకం చెప్పినదానితో రోగి సరిపోలేదు కనుక రోగం వేరు. డాక్టర్లూ ఫార్మసిస్టులూ రోజూ చేసే తర్కమే ఇది. ఎన్నో సందర్భాల్లో ఇది సరైనదే కావడం వల్లనే ప్రమాదకరం.

కాని గదిలోంచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు. "ఏం తెలియలేదు?" అన్నారు, అలవాటుగా.

నేను మళ్లీ చదివాను. అధ్యాయం చివర, చిన్న అక్షరాల్లో వేసిన భాగంలో ఒక వాక్యం ఉంది: ఇతర ధాన్యాల మీద, గడ్డిజాతుల మీద పెరిగే రకాల రసాయన కూర్పు ఇంకా సరిగా తెలియదు. అంతే. పైన చెప్పిన లక్షణాలన్నీ రై పంట మీది రకానివి. మన సజ్జ మీది రకం గురించి పుస్తకం ఏమీ చెప్పలేదు. చెప్పనిదాన్ని మేము కాదన్నట్టుగా చదువుకున్నాము.

ఇంటికి వెళ్లి నా సొంత సారాంశాల కట్ట విప్పాను. ఆ మనసు మార్చే పదార్థం మోజులో తెప్పించుకున్నవే. అందులో ఒకటి తూర్పు దేశాల గడ్డి మీది ఎర్గాట్ గురించినది. నేను దాన్ని మొదటిసారి చదివినప్పుడు విసుగ్గా పక్కన పెట్టాను, ఎందుకంటే అందులో నాకిష్టమైన ఆ ఆమ్లమే లేదు. ఇప్పుడు మళ్లీ చూస్తే సంగతి అదే. ఆ రకంలో ఆ ఆమ్లానికి దగ్గర చుట్టాలైన, నిర్మాణంలో కొంత సరళమైన ఆల్కలాయిడ్లు ఉంటాయి. అణువుకు ఎముకల గూడు దాదాపు ఒకటే. ఒక మూల ఆమ్ల భాగం లేదు. ఆ మాత్రం తేడా ఉంటే వేళ్లు నల్లబడకుండా కేవలం వాంతి, తల తిప్పుడు, మగత రావడం అసంభవం కాదు. అసంభవం కాదని అనుకోవడం వేరు, అదేనని చూపించడం వేరు.

మర్నాడు డాక్టరు గారితో చెప్పాను. "కామెర్ల రోగుల మూత్రం పరీక్షలో కలిపే రియేజెంట్ ఉంది కదా" అన్నారాయన. "ఎర్గాట్ ఆల్కలాయిడ్లకు అది నీలం ఇస్తుందని చదివినట్టు గుర్తు. నీ కట్టలో వెతుకు."

ఉంది. ఏరిన నల్లపలుకుల నుంచి తీసిన ద్రవానికి నీలం వచ్చింది. బజారులో కొన్న శుభ్రమైన సజ్జల నుంచి అదే పద్ధతిలో తీసిన ద్రవానికి రాలేదు. రెండో పరీక్ష చేయకపోతే మొదటిదానికి విలువ లేదు. కొత్తవాళ్లు దీన్ని మరిచిపోతారు, అందుకని చెబుతున్నాను.

రెండు గాజు గొట్టాలను కిటికీ వెలుగులో పట్టుకుని నేను నవ్వుతుంటే శేషగిరిరావు గారు అడిగారు. "దీన్ని పట్టుకెళ్లి వాళ్లకు చూపిస్తావా?"

"చూపిస్తానండీ."

"చూపించు" అన్నారు. ఆ మాటలో వెటకారం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

నీలిరంగు

బండిలో వచ్చినవాళ్లు తేరుకుని ఇళ్లకు చేరాక సైకిలు మీద పల్లెకు వెళ్లాను. ప్రార్థన మందిరం అరుగు మీద పెద్దవాళ్లు ఉన్నారు. గొట్టాలు తీసి చూపించాను. బూజు గురించి, కంకి గురించి, నీలం గురించి తెలుగులో నాకు చేతనైనంత స్పష్టంగా చెప్పాను.

ఏసోబు శ్రద్ధగా విన్నాడు. విని చాలా మర్యాదగా అన్నాడు: "తమరు చదువుకున్నోళ్లు, అబద్ధం ఆడరండి. కాని ఒక మాట. సంతలో ఆయన ఆకులో నల్లముద్ద చూపించాడు. తమరు గొట్టంలో నీలం నీళ్లు చూపిస్తన్నారు. అదెట్టా వచ్చిందో మాకు తెలవదు, ఇదెట్టా వచ్చిందో మాకు తెలవదు. దేన్ని నమ్మమంటారు?"

సుందరమ్మ పక్కనుంచి అందుకుంది. "ఆయన ముద్దే నయం. కళ్లారా కడుపులోంచి వచ్చింది."

అరుగు మీద నవ్వులు లేచాయి. మార్తమ్మ దూరంగా దడి పక్కన నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. పిల్ల ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది.

నా వృత్తి జీవితంలో ఏసోబు ప్రశ్న కంటే సరైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పరీక్ష నాకు రుజువు కావచ్చు. దాన్ని తిరిగి చేయలేనివాడికి అది గారడీయే. రసాయన పుస్తకంలో ప్రయోగ పద్ధతిని అంత వివరంగా రాసేది ఎందుకు? చదివినవాడు తన బల్ల మీద తానే చేసి చూసుకోవడానికి. ఆ సౌకర్యం పుస్తకం చదవగలవాడికి ఉంది, ఈ అరుగు మీదివాళ్లకు నేను ఇవ్వలేదు.

ఉప్పు

నల్లపలుకులు గింజ కంటే తేలిక. మంచినీళ్లలో రెండూ మునుగుతాయి. నీళ్లు తగినంత బరువైతే పలుకులు తేలి గింజ మునుగుతుంది. నీళ్లను బరువెక్కించడానికి ఉప్పు చాలు. ఎంత ఉప్పు అనడానికి మాకు తూనిక పరికరం ఉంది. వాళ్లకు కోడిగుడ్డు ఉంది. గుడ్డు పైకి తేలి వీపు బాగా బయటపడేదాకా ఉప్పు కలపాలి. అంత ఉప్పు పల్లెలో లేదు.

రైతు వెంకట్రామయ్య గారి ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. చెప్పింది విని పేపరు మడిచారు.

"అంటే నా కళ్లంలో గింజలు విషమంటావు."

"మీ కళ్లంలోవే కాదండి. పూత మీద ముసురు పట్టిన ప్రతి చేలోవీ."

"కంకులకి తేనె పట్టిందని మా పాలేర్లు అన్నారు. తేనే కదా అనుకున్నా. గింజలు అంటుకుంటుంటే దులిపి కొలిపించా." మడిచిన పేపరు పక్కన పెట్టారు. "మా ఇంట్లో సజ్జ తినరయ్యా. తింటే మాకే ముందు తెలిసేది."

ఆయన లేచి ఎడ్లబండి కట్టించి ఉప్పు బస్తాలు వేయించారు. మిగిలిన సజ్జలో ఒక బస్తా మూతి కుట్టినది కుట్టినట్టే నా ముందు బండి ఎక్కించారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక నేను అక్కడికి చేరేసరికి పెద్దలు కూర్చుని ఉన్నారు. మార్తమ్మ మూట కట్టి సిద్ధంగా ఉంది. నేను ఈసారి బూజు మాట ఎత్తలేదు. ఏ ఇంటి కుండలో గింజలు ఆ ఇంటి ఆడవాళ్లే తెచ్చుకోమన్నాను. గుడ్డూ వాళ్లదే, గాబూ వాళ్లదే, ఉప్పు కలిపిందీ వాళ్లే. నేను దేన్నీ ముట్టుకోనన్నాను.

మొదట ఏసోబు భార్య పోసింది. మార్తమ్మ ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు. గింజ మునిగింది, నల్లపలుకులు పొల్లుతో కలిసి పైకి వచ్చాయి. ఆమె చేత్తో తీసి అరచేతిలో నలిపి చూసింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. ప్రతి ఇంటి గింజా అంతే. చివరికి కుట్టు విప్పని రైతు బస్తా. అదీ అంతే.

సుందరమ్మ తన కుండ తానే తెచ్చింది. గాబు మీదికి వంగి చాలాసేపు చూసింది. "తేలితే తేలినయ్. ఇయ్యి తీసేస్తే మనిషికి రోగం రాదని ఏంది నమ్మకం?"

ఇది కూడా సరైన ప్రశ్నే. ఉప్పునీళ్లు పలుకులన్నింటినీ తీస్తాయని ఏ పుస్తకమూ నాకు హామీ ఇవ్వలేదు. చాలా భాగం తీస్తాయని మాత్రం తెలుసు.

"మార్తమ్మ వండితే నేను ముందు తింటా" అన్నాను.

ఏసోబు నా వంక చూశాడు. "మా పల్లెలో తింటారా తమరు?"

"తింటా."

ఆ రోజుల్లో ఆ రెండు మాటల అర్థం నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఇంటికెళ్లాక మా అమ్మగారితో పడవలసిన మాటలు పడ్డాను. అది ఈ వ్యాసానికి సంబంధించిన విషయం కాదు.

మార్తమ్మ మూట పక్కన పెట్టింది. అడుగున మునిగిన గింజలను మంచినీళ్లతో కడిగి, దంచి, అందరి ముందూ పొయ్యి పెట్టి వండింది. ఎవరో గోంగూర పచ్చడి తెచ్చారు. నేను తిన్నాను. ఏసోబు కూడా నా పక్కన కూర్చుని తిన్నాడు. తినమని నేను అనలేదు. తర్వాత చేయవలసింది ఎదురుచూడడం ఒక్కటే. వేచి ఉన్నంతసేపూ పిల్లలు నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు. "కళ్లు తిరుగుతన్నయ్యా కాంపౌండరు గారూ?" అని ఒకడు మాటిమాటికీ అడిగాడు. "నువ్వు అడగడం ఆపితే తిరగవు" అన్నాను. నా నాడి నేనే రెండుమూడుసార్లు చూసుకున్నమాట నిజం. ఎండ అరుగు దిగేదాకా ఇద్దరికీ ఏమీ కాలేదు.

ఆ పూట ఎవరూ తీర్పు చెప్పలేదు. ఎవరూ తప్పయిందని అనలేదు. సంతలో కక్కించేవాడి వ్యాపారం ఆ తర్వాత కూడా నడిచింది. అటువంటి గెలుపులను ఆశించి ఈ వృత్తిలోకి రావద్దు.

పెద్దలు ఒక్కొక్కరుగా లేచి వెళ్లారు. సుందరమ్మ మాత్రం పొయ్యి దగ్గరికి నడిచి, కుండలో అడుగున మిగిలిన సంకటి తనే చేత్తో తీసుకుంది. నిలబడే ఒక ముద్ద తిన్నది. నమిలి మింగి, కోడలి వంక చూడకుండా అన్నది:

"ఉప్పు పోలేదు. రేపు ఇంకో రెండు నీళ్లు పోసి కడుగు."

మార్తమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "గట్లనే అత్తా" అన్నది.